ఆటలో అరటిపండు ఉండని ఆటే ఇంటిల్లిపాదికీ ఆట

సెలవుల్లో పసిపిల్లలతో కలిసి ఏ ఆట ఆడాలి? ఏది ఏ వయసుకు?

వేసవి సెలవులు ఇచ్చేశారు. పట్నంలో ఉంటున్న మనుమలూ మనుమరాళ్ళూ అమ్మమ్మగారి ఊరు చేరుకున్నారు. పొద్దున్నంతా చెరువు గట్టు, మామిడి తోపు చుట్టూ తిరిగారు. భోజనాలయ్యేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇక బయటికి వెళ్ళే వీలు లేదు. అరుగు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసి నలుగురు పిల్లలు నాలుగు పక్కలా కూర్చున్నారు. అందరిలోకీ చిన్నది, అయిదేళ్ళ పిల్ల, ‘నేనూ ఆడతా’నంటూ వచ్చింది. ‘సరేలే, ఇది ఆటలో అరటిపండు’ అన్నాడు పెద్దవాడు.

ఆటలో అరటిపండు అంటే ఏమిటో పల్లెల్లో తెలియనివారు లేరు. చేతికి గవ్వలు ఇస్తారు. వేయనిస్తారు. కానీ పడిన పందేనికి లెక్క ఉండదు. కాయ చావదు, పండదు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. మొదటి పది నిముషాలు పిల్ల కేరింతలు కొట్టింది. ఆ తరువాత తన పందెం ఎవరూ చూడటం లేదని కనిపెట్టింది. ముఖం చిన్నబుచ్చుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. మరో పావుగంటకు తల్లి సెల్‌ఫోన్ ఆ పిల్ల చేతిలో ఉంది.

ఇది ఏ ఊళ్ళో, ఏ ఇంటి అరుగు మీదనైనా కనిపించే దృశ్యమే. ‘పిల్లలు ఫోను వదలడం లేదు’ అని పెద్దలు వాపోతుంటారు. కానీ ఆ పిల్ల ముందు ఆటకే వచ్చింది. ఆటలో చోటు లేకనే ఫోను దగ్గరికి వెళ్ళింది. తప్పు పిల్లదీ కాదు, అన్నలదీ కాదు. ఎంచుకున్న ఆట ఆ పిల్ల వయసుకు తగినట్టు లేదు, అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పసిపిల్లల విషయమై కొన్ని సూచనలు వెలువరించింది. ఏడాది వయసు పిల్లలకు తెర అసలే చూపించవద్దని, 2 నుంచి 4 ఏళ్ళవారికి రోజుకు గంటకు మించరాదని, అంతకన్నా తగ్గితే మరీ మంచిదని అందులో ఉంది. సూచన బాగానే ఉంది. కాకపోతే ఫోను లాక్కున్న చేతిలో మరొకటి పెట్టాలి కదా! ఆ పెట్టేదేదో ఇంటిల్లిపాదీ కలిసి ఆడేదైతే పిల్లలకూ పెద్దలకూ కూడా మంచి కాలక్షేపం. అందుకు డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు. సుద్దముక్క, నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు చాలు.

మూడు సంగతులు చూసుకోవాలి

చాప మీద కూర్చున్న వారిలో అందరికన్నా చిన్నవారిని బట్టి ఆటను ఎంచుకోవాలి. పెద్దవారిని బట్టి ఎంచుకుంటే చిన్నవారు అరటిపండ్లయిపోతారు. ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, ఆటలో అదృష్టం పాలెంత, తెలివి పాలెంత అన్నది. గవ్వకు తాత ఎవరో, మనుమరాలు ఎవరో తెలియదు. అది ఎవరి చేతిలోంచి పడినా ఒకటే. గవ్వలతోనూ, పాచికతోనూ ఆడే ఆటల్లో అయిదేళ్ళ పిల్ల డెబ్బయి ఏళ్ళ తాతను నిజంగానే ఓడించగలదు. ఎవరూ కావాలని ఓడిపోనక్కరలేదు. కేవలం ఎత్తుగడ మీద నడిచే ఆటలో అలా కుదరదు. పెద్దవారు ప్రతిసారీ గెలుస్తారు, లేదా ఓడినట్టు నటిస్తారు. నటిస్తున్నారని పిల్లలు ఇట్టే పసిగడతారు.

రెండవది, ఆట ఎంతసేపు పడుతుందన్నది. నాలుగైదేళ్ళ పిల్లలు ఒకచోట కుదురుగా కూర్చునేది పది, పదిహేను నిముషాలే. తన వంతు తొందరగా రావాలి. ఆరుగురు కూర్చుని ఆడితే అయిదుగురి పందేలు చూస్తూ పిల్ల విసిగిపోతుంది. పసివాళ్ళు ఉన్నప్పుడు ముగ్గురు, నలుగురు చాలు. అంతకు మించి ఉంటే జోడీలు కట్టుకోవాలి.

మూడవది, పిల్లల చేతికి ఇచ్చే వస్తువు ఏమిటన్నది. ఈ మూడవదానిలో పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. కనుక ముందుగా దాని గురించే చెప్పుకోవాలి.

గింజలతో జాగ్రత్త

మూడేళ్ళలోపు పిల్లలు దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు. చింతగింజ, గవ్వ, పాచిక, లూడో కాయ అన్నీ వారి గొంతుకు సరిగ్గా అడ్డుపడేంత పరిమాణంలోనే ఉంటాయి. అలాంటి పసివాడు ఇంట్లో ఉంటే ఆట ముగియగానే గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత బిగించాలి. గింజలు లెక్కపెట్టే పని ఆరేళ్ళ పిల్లలకు అప్పగిస్తే వారికి లెక్క వస్తుంది, పసివాడికి ప్రమాదం తప్పుతుంది.

గింజ గొంతులో పడి పిల్లవాడు ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, గింజ కంటికి కనిపించకపోయినా వేలు పెట్టి వెతకరాదు. అలా చేస్తే అది మరింత లోపలికి పోతుంది. ముక్కులో దూరినా పిన్నీసుతోనో పుల్లతోనో కెలకరాదు. చింతగింజ వంటివి తడికి నాని ఉబ్బుతాయి కాబట్టి ‘రేపు చూద్దాంలే’ అని ఊరుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. చూడటానికి ఎర్రగా, నల్లటి చుక్కతో ముద్దుగా ఉంటాయని చాలాచోట్ల గురివింద గింజలతో వామనగుంటలు ఆడుకుంటారు. గురివింద గింజ విషం. పైపెంకు గట్టిగా ఉంటుంది కాబట్టి మింగినా ఒక్కోసారి అలాగే బయటికి వచ్చేస్తుంది. కానీ నమిలితే, పెంకు పగిలితే ప్రాణాపాయం. ఆముదపు గింజలు, కంచెల్లో పెరిగే నేపాళం గింజలు కూడా ఈ కోవకు చెందినవే. ఈ మూడింటినీ పిల్లల ఆటకు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు. పిల్లవాడు నమిలాడన్న అనుమానం వచ్చినా నాటుమందులతో కాలయాపన చేయకుండా 108కు ఫోను చేసి ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. మిగిలిన గింజలు రెండు చీటీలో కట్టి వెంట తీసుకువెళితే డాక్టరుకు విషయం తేలికగా అర్థమవుతుంది.

మూడేళ్ళ పిల్లలు ఆటకు దూరంగా ఉండాలని దీని అర్థం కాదు. వారికి పెద్ద నిమ్మకాయంత వస్తువు ఇవ్వాలి. చెక్క ముక్కను నలుచదరంగా కోయించి, గరుకుపోయేలా అరగదీసి, ఆరు ముఖాల మీద చుక్కలు దిద్దితే పెద్ద పాచిక తయారవుతుంది. దానిని దొర్లించడమే వారి పని. ఇంటివారి తరఫున పాచిక వేసేది వారే. ఆ పందేనికి లెక్క ఉంటుంది కనుక వారు అరటిపండ్లు కారు.

తొలి ఆట వైకుంఠపాళి

నాలుగైదేళ్ళ పిల్లలతో మొదలుపెట్టడానికి వైకుంఠపాళిని మించిన ఆట లేదు. పరమపద సోపాన పటం అన్నా ఇదే. ముక్కోటి ఏకాదశి నాటి జాగారంలో పెద్దలు ఆడుకునే ఆటే పిల్లలకూ పనికివస్తుంది. ఇందులో ఎత్తుగడ అంటూ ఏమీ లేదు. పాచిక వేయడం, పడినన్ని గళ్ళు నడవడం, నిచ్చెన అడుగున పడితే ఎక్కడం, పాము నోట పడితే దిగడం. చదువు రాకపోయినా ఆరు వరకు లెక్కపెట్టగలిగితే చాలు.

పాత తెలుగు పటాల్లో 132 గళ్ళు ఉంటాయి. గడిగడికీ పేరు ఉంటుంది. మంచి గుణం నిచ్చెన ఎక్కిస్తుంది, చెడ్డ గుణం పాము నోట్లో పడేస్తుంది. చివరి వరుసదాకా వచ్చిన తరువాత పెద్ద పాము మింగితే మళ్ళీ కిందికే. ఒక్కో పాము దగ్గర ఒక్కో కథ చెబుతూ తాతలు, నాయనమ్మలు ఈ ఆట ఆడించేవారు. అలా ఆడితే ఆటకు ఆట, కథకు కథ.

పిల్లలు తికమకపడేది ఒక్కచోటే. గళ్ళ లెక్క కింది వరుసలో ఎడమ నుంచి కుడికి పోయి, పై వరుసలో కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది. చాలు చివర అరక తిరిగినట్టు అని చెబితే పల్లె పిల్లలకు చటుక్కున అర్థమవుతుంది. అట్ట మీద బాణం గుర్తులు గీసినా సరిపోతుంది.

132 గళ్ళ పటమైనా, బజారులో దొరికే 100 గళ్ళ పటమైనా నాలుగేళ్ళ పిల్లలకు ఎక్కువే. ఆట గంటసేపు సాగితే వారు నిద్రపోతారు. అలాంటివారి కోసం పాత క్యాలెండరు వెనక 30 గళ్ళు గీసి, రెండు పాములు, మూడు నిచ్చెనలు దిద్దితే పది నిముషాల్లో ఆట తేలిపోతుంది. పాములను, నిచ్చెనలను పిల్లల చేతనే గీయిస్తే ఆ పటం వారి సొంతమవుతుంది. మరునాడు ఎవరూ పిలవకుండానే వారే పరుస్తారు.

అష్టాచెమ్మా: అదృష్టం సగం, ఆలోచన సగం

ఆరేళ్ళు నిండాక అష్టాచెమ్మా. పిన్నలనూ పెద్దలనూ ఒకచోట కూర్చోబెట్టడంలో ఈ ఆటకు ఇదే సాటి. గవ్వలు అదృష్టం చూపిస్తాయి. నాలుగు కాయల్లో దేనిని నడపాలో ఆడేవారు తేల్చుకోవాలి. కాబట్టి చిన్నవారికి గెలిచే అవకాశం ఉంటుంది, పెద్దవారికి విసుగు పుట్టదు.

అడ్డం అయిదు, నిలువు అయిదు చొప్పున 25 గళ్ళు. నాలుగు పక్కల నడిమి గళ్ళలోనూ, పటం నట్టనడుమ గడిలోనూ అడ్డగీతలు కొడతారు. పక్కలనున్న నాలుగూ నలుగురి ఇళ్ళు. అక్కడ ఉన్న కాయను ఎవరూ చంపలేరు. కాయ తన ఇంటి నుంచి బయలుదేరి వెలుపలి 16 గళ్ళూ చుట్టి, లోపలి 8 గళ్ళూ తిరిగి, నడిమి గడికి చేరితే పండినట్టు. నాలుగు కాయలూ ముందుగా పండించినవారు గెలిచినట్టు.

నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. చెమ్మ పడినా, అష్ట పడినా మరో పందెం వస్తుంది. ఎదుటివారి కాయ ఉన్న గడిలోకి వెళితే అది చచ్చి ఇంటికి పోతుంది. కనీసం ఒక కాయనైనా చంపితేనే లోపలి గళ్ళలోకి ప్రవేశం. ఇవి ఎక్కువ ఊళ్ళలో ఉన్న పద్ధతులు. కొన్నిచోట్ల ఏడేసి గళ్ళు గీస్తారు. మరికొన్నిచోట్ల ప్రవేశానికి ప్రత్యేక పందెం పడాలంటారు.

గవ్వలు లేనివారు బాధపడనక్కరలేదు. చింతగింజలను గరుకు బండ మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీస్తే అవే గవ్వలు. అలాంటి నాలుగు గింజలు రెండు వైపులా సమంగా పడతాయనుకుంటే మొత్తం 16 రకాలుగా పడవచ్చు. వాటిలో రెండు పడేవి 6. ఒకటి పడేవి 4, మూడు పడేవి 4. చెమ్మ ఒక్కటి, అష్ట ఒక్కటి. అందుకే ‘రెండు’ పడీపడీ విసుగెత్తిస్తుంది, అష్ట పడితే అరుగు దద్దరిల్లుతుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లల చేత గోడ మీద బొగ్గుతో ఏ పందెం ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టిస్తే ఈ లెక్క వారే కనిపెడతారు. బడిలో చెప్పే పాఠం కన్నా అది ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఆరేళ్ళలోపు పిల్లలు కూడా ఉంటే మూడు సడలింపులు ఇవ్వవచ్చు. నాలుగు కాయలకు బదులు అందరూ రెండేసి కాయలతో ఆడాలి. చంపకపోయినా లోపలికి పోనివ్వాలి. ఏ కాయ నడపాలో తేల్చుకోలేని పిల్లలను ఒక పెద్దవారితో జోడీ కట్టాలి. అయితే కాయ నడిపే చెయ్యి మాత్రం పిల్లలదే కావాలి. పెద్దవారు సలహా చెప్పవచ్చు, చెయ్యి పెట్టరాదు. ఈ సడలింపులు ఒక్క చిన్నవారికే ఇస్తే వారు మళ్ళీ అరటిపండ్లవుతారు. ఇస్తే అందరికీ ఒకే రీతిన ఇవ్వాలి.

వామనగుంటలు: చేతివేళ్ళకు లెక్కల బడి

ఏడేళ్ళ పిల్లలకు లెక్కలు రావాలంటే వామనగుంటల పీటను అటక మీంచి దింపాలి. పీట లేకపోతే పెరట్లో గుంటలు తీసుకోవచ్చు. రెండు వరుసలు, వరుసకు ఏడు, మొత్తం 14 గుంటలు. గుంటకు అయిదు చొప్పున పోస్తే 70 గింజలు కావాలి. ఒక గుంటలోని గింజలు తీసి వరుసగా ఒక్కో గుంటలో ఒక్కటి చొప్పున వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే తరువాతి గుంటలోవి తీసుకుని మళ్ళీ పంచాలి. తరువాతి గుంట ఖాళీగా ఉంటే దానిని వేలితో తుడిచి, దాని పక్క గుంటలో ఉన్నవన్నీ గెలుచుకోవాలి. ఆ పక్కదీ ఖాళీ అయితే ఏమీ దక్కదు, ఎదుటివారి వంతు వస్తుంది.

ఈ ఆటలో గవ్వలు లేవు, పాచిక లేదు. ఏ గుంట నుంచి మొదలుపెడితే చెయ్యి ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కకట్టిన వారిదే గెలుపు. అయినా ఏడేళ్ళ పిల్లలు దీనిని ఆడగలరు. గింజలు రెండు మూడు చుట్లు తిరిగేసరికి పెద్దవారి లెక్క కూడా తప్పుతుంది. మొదట్లో వరుసకు నాలుగు గుంటలు, గుంటకు మూడు గింజలు పెట్టుకుని 24 గింజలతో ఆడితే పిల్లలు త్వరగా పట్టుకుంటారు. పంచేటప్పుడు ఏ గుంటనూ దాటకుండా, ఏ గుంటలోనూ రెండు వేయకుండా ఉండటమే వారికి మొదటి పాఠం.

పులి - మేక, దాడి

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు ఎత్తుగడ ఆటలకు సిద్ధంగా ఉంటారు. పులి - మేక ఆట పటం గుడి మండపాల బండల మీద, రచ్చబండల మీద చెక్కి కనిపిస్తుంది. హంపి శిథిలాల్లోని రాతి నేలల మీద కూడా ఇలాంటి పటాలు ఉన్నాయి. కొండ ఆకారంలో గీసే ఈ పటంలో 23 కూడళ్ళు, 3 పులులు, 15 మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పెడుతూ రావాలి. పదిహేనూ పటంలోకి వచ్చేదాకా పెట్టిన మేకను కదపరాదు. పక్క కూడలిలో మేక ఉండి, దాని అవతల ఖాళీ ఉంటే పులి దూకి మేకను తింటుంది. పులులు కదలలేకుండా నలువైపులా కట్టివేస్తే మేకలు గెలిచినట్టు.

కొత్తగా నేర్చుకునేవారికి ముందు పులులు ఇవ్వాలి. మూడింటిని కనిపెట్టుకుని ఉండటం తేలిక. మేకలు ఆడాలంటే ఓర్పు కావాలి. ఒక్క మేక పులిని ఏమీ చేయలేదు, పదిమంది కలిసి నిలబడితే పులి కదలలేదు. ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు, నాలుగు ఆటలు ఓడితే తెలిసిపోతుంది. నలుగురు ఉంటే ఇద్దరు పులుల పక్షం, ఇద్దరు మేకల పక్షం చేరి మాట్లాడుకుంటూ ఆడవచ్చు.

దాడి, నవకంకరి అని పిలిచే ఆట కూడా ఈ వయసుకే తగినది. ఒకదానిలో ఒకటిగా మూడు చదరాలు గీస్తే 24 కూడళ్ళు వస్తాయి. ఇద్దరికీ తొమ్మిదేసి కాయలు. మూడు కాయలు ఒకే గీత మీద పడితే దాడి. అప్పుడు ఎదుటివారి కాయ ఒకటి తీసేయవచ్చు.

చదరంగం పూర్తిగా తెలివి ఆట. ఇంట్లో ఆడితే తండ్రే ప్రతిసారీ గెలుస్తాడు. తండ్రి తన మంత్రిని, ఒక ఏనుగును ముందే తీసేసి ఆడితే పిల్లలకు కొంత ఊపిరి తిరుగుతుంది. గుడివాడకు చెందిన కోనేరు హంపికి తొలి గురువు తండ్రే. ఆమె 2002లో 15 ఏళ్ళ వయసుకే గ్రాండ్‌మాస్టర్ అయింది. అందరు పిల్లలూ హంపి కావాలని బల్ల ముందు కూర్చోబెడితే మాత్రం ఆట కాస్తా హోంవర్కు అవుతుంది.

బజారులో కొనేవారికి

లూడో, పాములు - నిచ్చెనలు అట్టలు కొనేవారు ఒక సంగతి గమనించాలి. ఈ రెండూ మన పచ్చీసు, మన పరమపద సోపానం నుంచి పుట్టినవే. పాములు - నిచ్చెనలకు 1892లో, లూడోకు 1896లో ఇంగ్లండులో పేటెంటులు తీసుకున్నారు. ఇక్కడి అరుగుల మీది ఆటే సముద్రాలు దాటి అట్టపెట్టెలో తిరిగివచ్చింది.

కొనదలచుకుంటే పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడాలి. 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటవస్తువులకు ఈ గుర్తు తప్పనిసరి చేశారు. నమోదైన చేతివృత్తుల వారి బొమ్మలకు మాత్రం మినహాయింపు ఉంది. ఏ వయసు వారికో పెట్టె మీద రాసి ఉంటుంది. అది చదివి కొనాలి. సంతలో విడిగా అమ్మే రంగు వెలిసే కాయలు, అంచులు కోసుకునే పాచికలు ఎంత చవకగా వచ్చినా తీసుకోరాదు. క్యారమ్ బల్ల కొనేవారు పిల్లవాడు పక్కన కూర్చుంటే చెయ్యి బల్ల మీదికి అందుతుందో లేదో చూసుకోవాలి. అందకపోతే రెండేళ్ళు ఆగవచ్చు.

ఓడితే ఏడ్చేవారిని ఏం చేయాలి?

పిల్లలతో ఆడే ప్రతి ఇంట్లోనూ వచ్చే తంటా ఇది. కాయ చచ్చిందని ఏడుస్తారు. అలిగి పటం చెరిపేస్తారు. లేదా ఎవరూ చూడనప్పుడు గవ్వ తిప్పేస్తారు. దీనికి పెద్దలు సాధారణంగా చేసే పని వారిని గెలిపించేయడం, లేదా ఆట నుంచి పంపేయడం. రెండూ సరైనవి కావు.

ఓటమిని పిల్లలు పెద్దల ముఖం చూసి నేర్చుకుంటారు. తాత కాయ చచ్చినప్పుడు ఆయన ఎలా ఉంటే మనుమడూ అలాగే ఉంటాడు. ‘పోతే పోయిందిలే, మళ్ళీ బయలుదేరుతుంది’ అని తాత నవ్వితే మనుమడూ నవ్వుతాడు. తాతే గొడవ పెట్టుకుంటే మనుమడు పటం చెరిపేస్తాడు. పొడవైన ఒక్క ఆట కన్నా పొట్టివి మూడు ఆడితే మూడింటిలో ఒకటైనా పిల్లల వంతు అవుతుంది.

నియమాలు ఆటకు ముందే చెప్పుకోవాలి. గవ్వ చాప దాటి పడితే లెక్క ఉందా? నిలువుగా నిలబడితే ఏమిటి? పందెం పడ్డాక కాయ ముట్టుకుంటే మార్చుకోవచ్చా? ఇవి మధ్యలో వస్తే తగవులు, ముందే తేల్చుకుంటే నియమాలు. ఇక పైసా పందెం కూడా పెట్టరాదు. పిల్లల ముందు డబ్బు పెట్టి ఆడితే అది ఆట కాదు, జూదం. ధర్మరాజు కథ తెలియని ఇల్లు లేదు కనుక ఎక్కువ చెప్పనక్కరలేదు.

అమ్మమ్మను అడగాలి

అష్టాచెమ్మా ఒక్కదానికే ఊరికో పద్ధతి ఉంది. ఒక ఊళ్ళో జోడు కాయలను చంపరాదు, మరో ఊళ్ళో చంపవచ్చు. పులి - మేక పటాన్ని చూడకుండా గీయగల వారు ఊళ్ళో ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది ఉంటారు. వీటిని ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. అమ్మమ్మ చేతి పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆమెతోపాటే ఆ ఇంటి పద్ధతీ వెళ్ళిపోతుంది. ఈ సెలవుల్లో పిల్లల చేత ఒక నోటుబుక్కులో ఇంటి ఆటల పటాలు గీయించి, నియమాలు అమ్మమ్మ చెబుతుంటే రాయిస్తే ఆ పుస్తకం ఇంటికి ఆస్తి.

మళ్ళీ ఆ అరుగు దగ్గరికి వస్తే, లోపల ఫోను పట్టుకున్న అయిదేళ్ళ పిల్లను అమ్మమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకువస్తుంది. ‘అందరికీ రెండేసి కాయలే, ఇది నా జోడీ’ అంటుంది. పిల్ల గవ్వలు ఊపి వేస్తుంది. నాలుగూ బోర్లా పడతాయి. ఎనిమిది గళ్ళు ఒక్కొక్కటే వేలు పెట్టి లెక్కపెడుతూ వెళితే ఎనిమిదో గడిలో ఉన్నది పెద్దన్న కాయ. అరుగంతా ఒక్కసారి గొల్లుమంటుంది. పెద్దన్న తల పట్టుకుంటాడు. ‘నాకు ఇంకో పందెం ఉంది’ అని పిల్ల చెయ్యి చాస్తుంది. ఇక ఆ పూట ఫోను సంగతి ఎవరికీ గుర్తు ఉండదు.

ఏ వయసుకు ఏ ఆట

మూడేళ్ళలోపు: పెద్ద చెక్క పాచిక దొర్లించడం. గింజలు, గవ్వలు అందనివ్వరాదు.

నాలుగు, అయిదేళ్ళు: 30 గళ్ళ వైకుంఠపాళి. పెద్దవారితో జోడీగా, రెండు కాయల అష్టాచెమ్మా.

ఆరు, ఏడేళ్ళు: పూర్తి వైకుంఠపాళి, అష్టాచెమ్మా, లూడో, చిన్న వామనగుంటలు.

ఎనిమిదేళ్ళు దాటాక: పులి - మేక, దాడి, 14 గుంటల వామనగుంటలు, పచ్చీసు, క్యారమ్, చదరంగం.

ఎప్పుడూ వాడరానివి: గురివింద, ఆముదం, నేపాళం గింజలు.